సచ్చిలేసే సూది

మొన్న పొద్దున ఓపీ ఇంకా ఊపందుకోలేదు, వేముల వైపు నుంచి ఒక జీపు వచ్చి మా ఆసుపత్రి ముందు ఆగింది. వయసులో ఉన్న మనిషి చొక్కా గుండీలు విప్పుకుని, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని దిగాడు. వెనకే భార్య. ఆమె చంకలో ఒక పెద్ద స్టీలు ఫ్లాస్కు.

"మేడం, మా ఆయనకు దడ. సచ్చిలేసే సూది ఎయ్యాలంట. మా పెద్దమ్మ చెప్పిండె" అంది.

ఫ్లాస్కు చూడగానే నాకు ఒళ్ళు మండింది. పెద్దమ్మ మాట వినగానే ఇంకాస్త మండింది. ఆ పెద్దమ్మ పోయి ఏడాది దాటింది. బతికున్నన్నాళ్ళూ నా ప్రాణం తీసింది సరే, పోయిన తర్వాత కూడా ఫ్లాస్కు ఇచ్చి మరీ మనుషుల్ని పంపిస్తూ ఉంటే నేను ఎవరితో చెప్పుకోవాలి? అతన్ని లోపల పడుకోబెట్టమని సిస్టర్ మీద అనవసరంగా అరిచాను. నా అరుపు వెనక ఉన్న మనిషి ఎవరో సిస్టర్‌కు తెలుసు కాబట్టి ఆమె ఏమీ అనుకోలేదు.

అతని సంగతి చివర చెబుతాను. ముందు ఆ మహాతల్లి సంగతి చెప్పుకోకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు.

నేను ప్రొద్దుటూరులో గుండె డాక్టరుని. మాది జమ్మలమడుగు. మా నాన్న అక్కడ బడిలో అయివారు. అయివారంటే మావైపు పంతులు. నా కోపం ఆయన దగ్గర్నుంచే వచ్చిందంటారు, బెత్తం మాత్రం రాలేదు. పెద్దమ్మది వేముల దగ్గర ఒక పల్లె. అరటి తోటలు, చీనీ తోటలు (బత్తాయికి మావైపు పేరు), ఊళ్ళో సగం పంచాయితీలు తీర్చే ఇల్లు. ఆ ఇంటికి ఆమె పెద్ద కోడలు. ఊరంతా పెద్దమ్మ అంటే నేనూ పెద్దమ్మ అనేదాన్ని. ఆమె నన్ను ఒక్కసారి కూడా డాక్టరు అన్న పాపాన పోలేదు. "అయివారి పాపా" అనేది. మా నాన్న ఫలానా అని మొదటి రోజే ఆరా తీసి పెట్టుకుంది.

ఆ మొదటి రోజు ఆమె ప్రొద్దుటూరు వచ్చింది నా కోసం కాదు, ఆడబిడ్డ కూతురి పెళ్ళికి నగలు తీసుకోవడానికి. బంగారు అంగట్లో పరుపు మీద కూర్చుని హారాలు ఒక్కొక్కటే తిప్పి చూస్తూ ఉండగా గుండె పరుగు అందుకుంది. అంగడి వాళ్ళు కంగారుపడి ఫ్యాను తిప్పి, కాఫీ తాగించి, ఆ తర్వాత నా దగ్గరకు మోసుకొచ్చారు. మెడలో వాళ్ళ అంగడి హారం ఒకటి అలాగే ఉండిపోయింది. దాని వెంబడి అంగడి గుమాస్తా ఒకడు వచ్చి ఈసీజీ గది బయట దిగాలుగా నిలబడ్డాడు.

పడుకోమంటే పడుకోదు. "ఆ కాగితం ఎందుకు మే? చెయ్యి పట్టుకుంటే తెలిసిపోతాది కదా, ఉరుకుతాందని" అంటుంది. ఉరకడం నాకూ తెలుసు తల్లీ, ఎవరు ఉరికిస్తున్నారో తెలియాలంటే కాగితం కావాలి. కాగితం తీశాను. నేను అనుకున్న దడే. ప్రాణానికి వెంటనే ముప్పు లేని రకం. మొదట మందు లేకుండా ఒక చిట్కా చేస్తాం. ఖాళీ సిరంజీ ఇచ్చి గట్టిగా ఊదమంటాం. ఇచ్చాను. ఆమె సిరంజీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నేను పీపీలు ఊదడానికి వచ్చినానా పాపా?"

ఊదలేదు. సరే, సూది వేశాను. అడినోసిన్ అని ఒక మందు. దాని ఆయువు కొన్ని సెకన్లే. నరంలోకి నెమ్మదిగా ఎక్కిస్తే గుండెదాకా చేరకముందే దారిలో కరిగిపోతుంది. అందుకే మోచేతి దగ్గర పెద్ద నరంలో ఒక్క తోపు తోసి, వెనకే సెలైన్ తోసి, చెయ్యి పైకెత్తి పట్టుకోవాలి. అన్నీ సరిగ్గా చేశాను. దడ చలించలేదు. అప్పుడు గుమాస్తా తలుపు సందులోంచి "ఇప్పుడే కాఫీ తాగిచ్చినాం మేడం, బలానికి" అన్నాడు. బలానికట! కాఫీకీ ఈ మందుకూ కూర్చోవాల్సిన పీట ఒక్కటే. కాఫీ ముందే వచ్చి కూర్చుంటే మందు నిలబడి చూసి వెళ్ళిపోతుంది. మోతాదు పెంచి రెండోసారి వేశాను.

ఈసారి పడింది. ఆమె ముఖం ఎర్రబడింది, కళ్ళు పెద్దవయ్యాయి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మానిటర్ మీద గీత తిన్నగా పోయింది. ఎన్నిసార్లు చూసినా ఆ తిన్నని గీత దగ్గర నాకూ ఊపిరి ఆగుతుంది. తర్వాత ఒక కొట్టు, ఇంకో కొట్టు. పరుగు పోయి నడక వచ్చింది.

"ఎట్లుంది పెద్దమ్మా?"

ఆమె కాసేపు పైకప్పు చూసింది. "సచ్చిపోతిని మే" అంది. తర్వాత నవ్వింది. "సచ్చిపోయి మళ్ళీ వచ్చినా. ఏం సూది మే ఇది!"

ఆ రోజు నేను చేసిన మంచిపని నన్ను ఎన్నేళ్ళు వెంటాడుతుందో అప్పుడు నాకు తెలియదు.

ఊరికి పోయి ఆమె ఈ సూదికి పేరు పెట్టింది. సచ్చిలేసే సూది. ఇక ఆ చుట్టుపక్కల ఎవరికి గుండె కాస్త గట్టిగా కొట్టుకున్నా ఆమె వాళ్ళ మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఉరుకుతాంది. పదండి అయివారి పాప దగ్గరికి" అని జీపు కట్టించేది. ముందు సీట్లో తను, వెనక సీట్లో రోగి, మధ్యలో ఫ్లాస్కు. పులివెందులలో ఆసుపత్రులు లేవా? ఉన్నాయి. ఈసీజీ మిషన్లు లేవా? అవీ ఉన్నాయి. వాళ్ళ ఊరికి కూతవేటు దూరం. అయినా పులివెందుల వదిలిపెట్టి ముద్దనూరు మీదుగా అంత దూరం ప్రొద్దుటూరు దాకా మోసుకొచ్చేది.

"దగ్గర్లో చూపించి రావచ్చు కదా?" అని మొత్తుకునేదాన్ని.

"నీ హస్తవాసి మంచిది పాపా" అనేది.

ముద్దనూరు దగ్గర జీపు ఆపించి రోగికి కాఫీ పోసేది. పరగడుపున మనిషిని ప్రయాణం చేయించకూడదని వాళ్ళ ఇంటి ఆచారం. వాళ్ళ అత్త నేర్పిందట. చిక్కటి డికాక్షను, చక్కెర పాకం. అంటే నా మందు పనిచేయకుండా చేయాల్సిందంతా దారిలో చేసేసి, ఆ మందే వేయమని నా ముందు కూర్చునేది! "కాఫీ ఇచ్చినావా?" అని అడిగితే మొహం అటు తిప్పి "యాడిదీ, ఒక చుక్క" అనేది. గదంతా కాఫీ వాసన కొడుతూ ఉండేది.

"పెద్దమ్మా, కాఫీ తాగితే సూది పట్టదు. ఎన్నిసార్లు చెప్పాల నీకు?" నాకు కోపం వస్తే డాక్టరు భాష పోయి జమ్మలమడుగు బయటికి వస్తుంది.

"అట్లయితే సూదికి బలం లేనట్లు. కాఫీకి ఓడిపోయే మందు ఏం మందు మే?"

అది ఒక్కటే అయితే భరించేదాన్ని. అసలు ఆమె తెచ్చేవాళ్ళలో చాలామందికి ఆ సూదితో పనే లేదు. పరీక్షల భయంతో గుండె కొట్టుకుంటున్న ఇంటర్ పిల్లను తెచ్చింది. రక్తం లేక పాలిపోయి ఆయాసపడుతున్న బాలింతను తెచ్చింది. ఒకసారి ఉబ్బసం ఉన్న ముసలాయన్ని తెచ్చింది. ఆయనకు ఈ సూది వేస్తే దడ సంగతి దేవుడెరుగు, ఊపిరే బిగుసుకుపోతుంది. పైగా దారి పొడుగునా వాళ్ళకు ధైర్యం చెప్పుకుంటూ వచ్చేది. "ఏం భయపడాకు. రోంత సేపు సచ్చిపోతావు. అంతే. మళ్ళీ వస్తావు" అని. ఆ ధైర్యానికి ఆ ఇంటర్ పిల్ల నా గదిలోకి వచ్చేసరికే కళ్ళు తిరిగి పడిపోయింది.

ప్రతిసారీ నాకూ ఆమెకూ అదే గొడవ. కాగితం లేకుండా సూది లేదని నేను. కాగితం ఎందుకని ఆమె. ఈమెకు ఎలా చెప్పాలి? దడలన్నీ ఒకటి కాదు. గుండెలో పైగదుల నుంచి కిందిగదులకు కరెంటు పోవడానికి ఒకే ఒక ద్వారం ఉంటుంది. ఆమె దడలో కరెంటు ఆ ద్వారం మీదుగా గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. సూది ఆ ద్వారాన్ని కొన్ని క్షణాలు మూస్తుంది, తిరుగుడు తెగిపోతుంది. కొందరికి ఆ తిరుగుడు పూర్తిగా పైగదుల్లోనే ఉంటుంది. వాళ్ళకు ద్వారం మూస్తే కింద రెండు క్షణాలు నెమ్మదించినట్టు కనబడుతుంది, పైన దాని తిరుగుడు అది తిరుగుతూనే ఉంటుంది, మందు కరగగానే మళ్ళీ మొదటికి వస్తుంది. రోగం ఫలానా అని మనకు తెలియడానికి పనికొస్తుందేమో కానీ నయం కాదు. కొందరికి కిందిగదుల్లోనే నిప్పు పుడుతుంది. అది ప్రమాదం. అక్కడ ఈ సూదిని నమ్ముకుని కూర్చుంటే మనిషి చేతిలోంచి జారిపోతాడు. ఇదంతా బొమ్మ గీసి చెప్పాను. బొమ్మ చాలా బాగుందంది. "నాకు పనిచేసింది కదా మే, వాండ్లకు యాల పనిచేయదు?" అంది. నేను పెన్ను బల్ల మీద పడేశాను.

ఆమెకు కూడా దడ వస్తూనే ఉండేది. వచ్చినప్పుడల్లా నా దగ్గరికే. బల్ల మీద పడుకోబెట్టి ఛాతీకి వైర్లు తగిలించగానే ఆమె ఫోను మోగేది. ఎత్తకుండా ఉండదు. "బీరువా తాళంచెవి దేవుడి గూట్లో ఉండాది, చూడు" అని ఒకరికి. "గెలలు కోసేవాండ్లు వచ్చినారా? సంగటి చేసి పెట్టండి" అని ఇంకొకరికి. ఎవరి భార్యో అలిగి పోయిందట, ఎవరి గట్టు ఎవరో జరిపారట, నేను ఆసుపత్రిలో పడుకుని ఉండా అంటూనే అన్నీ తీర్చేది. మాట్లాడితే ఈసీజీ గీతలన్నీ గజిబిజి. ఫోను లాక్కుని సిస్టర్ చేతికి ఇచ్చేదాన్ని. సిస్టర్ చేతిలో కూడా అది మోగుతూనే ఉండేది.

ఈ తిప్పలన్నీ లేకుండా దీనికి శాశ్వతంగా వైద్యం ఉంది. తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగ పంపి, ఆ గానుగదారిని ఒక చోట కాల్చేస్తారు. బెంగళూరులో నాతో చదివిన వాడే చేస్తాడు. మాట్లాడి పెట్టాను. రానంది. బతిమాలాను. తిట్టాను. "గుండెలో మంట పెట్టిచ్చుకుంటారా ఎవరైనా?" అంది. ఇంకోసారి తోటలో పని ఉందంది. మరోసారి "నాకు సూది చాలు" అంది. వాళ్ళ ఇంట్లోవాళ్ళను పిలిచి నచ్చజెబితే వాళ్ళందరూ తల ఊపి, మళ్ళీ ఆమె ముఖంకేసే చూశారు.

ఆ ఇంట్లో అందరూ ఆమె ముఖంకేసే చూస్తారు. అది ఎంత ప్రమాదమో ఆమె మరిదిని తెచ్చిన రోజు తెలిసింది.

మరిదికి అంతకు ముందే ఒకసారి గుండెపోటు వచ్చి ఉంది. ఆ రోజు మధ్యాహ్నం ఆయనను నలుగురు ఎత్తుకొచ్చారు. చెమటతో తడిసి ముద్దయ్యాడు, బీపీ పడిపోతోంది, పిలిస్తే పలుకుతున్నాడు కానీ మాట మింగేస్తున్నాడు. వెంట ఇద్దరు కొడుకులు, ఊళ్ళోవాళ్ళు, ఫ్లాస్కుతో పెద్దమ్మ. కాగితం తీశాను. వెడల్పాటి గీతలు, కొండల్లాగా. కిందిగదుల దడ. మత్తు ఇచ్చి వెంటనే షాకు పెట్టాలి.

కొడుకులతో చెప్పాను. వాళ్ళు నా వైపు చూడలేదు. పెద్దమ్మ వైపు చూశారు.

"షాకు లేదు గీకు లేదు. సచ్చిలేసే సూది ఎయ్యి" అంది.

"పెద్దమ్మా, ఇది నీ దడ కాదు."

"దడ దడే. నేను పట్టి చూసినా. ఆ సూది ఎయ్యి బిన్నా, తొందరగా."

"ఆ సూది దీనికి పనిచేయదు. టయిము పోతాంది!"

"కరెంటు పెట్టి సంపుతావా మే నా మరిదిని? ఈ చేతుల్తో సాకినా వాన్ని." ఫ్లాస్కు కింద పెట్టేసి మరిది తల పట్టుకుంది. బయట జనం గుమిగూడి లోపలికి తొంగి చూస్తున్నారు. సిస్టర్ బీపీ మళ్ళీ చూసి నాకు తల అడ్డంగా ఊపింది. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా పెట్టేద్దామని మిషను దగ్గరికి లాగాను. పెద్ద కొడుకు వచ్చి నా చేతికి అడ్డంగా నిలబడ్డాడు, ఏడుస్తూ.

బొమ్మలు గీసే సమయం లేదు. నా నోటికి ఏది వస్తే అది అరిచాను.

"నీ తోటలో డ్రిప్పు ఉండాదా లేదా?"

"ఉండాది. దాంతో ఏం పని ఇప్పుడు?"

"పై బోరు నీళ్ళు కింద చేనికి యాడినుంచి పోతాయి?"

"గేటువాల్వు మీద."

"నా సూది ఆ గేటువాల్వు కట్టేస్తాది, అంతే. ఈయప్పకు కింద చేన్లో ఇంకో బోరు దానంతట అది ఆడుతాంది. పైన గేటువాల్వు కట్టేస్తే కింద బోరు నిలుస్తాదా?"

ఆమె నా వైపు చూసింది. మరిది వైపు చూసింది.

"నిలవదు" అంది.

"మరి ఏం చేయాల?"

"ఫ్యూజు పీకాల."

"అదే నేను చేసేది!"

"పక్కకు రారా" అని కొడుకును రెక్క పట్టుకుని ఇవతలికి ఒక్క లాగు లాగింది. షాకు పెట్టాను. ఒక్కసారికే దారికి వచ్చింది. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచి నీళ్ళు అడిగాడు. నేను కుర్చీలో కూలబడ్డాను. ఆమె వచ్చి నా పక్కన నిలబడితే, ఈసారికైనా ఒక మంచి మాట అంటుందని ఆశపడ్డాను.

"ఈ మాట ముందే చెప్పింటే అయిపోతుండె కదా పాపా. ఊరికే అరుస్తావు" అంది.

ఏళ్ళ తరబడి బొమ్మలు గీసి గీసి చచ్చింది ఎవరట మరి?

ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊళ్ళో కొత్త శాస్త్రం మొదలైంది. మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఇది పైబోరు", "ఇది కిందబోరు" అని తేల్చడం మొదలుపెట్టింది. పులివెందుల నుంచి ఒక బడిపంతులు, చదువుకున్న మనిషి, వచ్చి కుర్చీలో కూర్చుని "మేడం, నాది కిందబోరు, షాకు పెడతారంట కదా" అన్నాడు. ఆయనకు ఉన్నది గ్యాసు. నేను ఆమెకు ఫోను చేసి తిట్టాను. "పోనీలే, గ్యాసని తెలిసింది కదా" అంది.

చివరి ఏడాది ఆమె దడ మారింది. వయసు మీద పడితే కొందరికి అలా అవుతుంది. పైగదులు లయ తప్పి, వణకడం మొదలుపెడతాయి. కాగితం చూపించి, "నీ పాత దడ కాదు పెద్దమ్మా, దీనికి సూది పనిచేయదు. మాత్రలు వేసుకోవాల. రక్తం గడ్డకట్టకుండా కూడా మాత్ర ఉంది, అది ఒక్క పూట కూడా తప్పకూడదు" అన్నాను.

"దడలు కూడా మారతాయా ఏంది, బస్సులు మారినట్ల?" అంది. ఇంకా ఏదో అంటుందని నేను నడుము బిగించి కూర్చున్నాను. మాత్రలు కొంగున కట్టుకుని పోయింది.

కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది, ఒంటరిగా. జీపు బయటే ఉంచి, ఫోను జీపులోనే వదిలేసి వచ్చింది. చూస్తే గుండె నెమ్మదిగానే ఉంది. మాత్రలు వేసుకుంటోంది. నాకు ఆశ్చర్యం వేసింది.

"ఒకసారి ఆ సూది ఎయ్యి పాపా" అంది.

"చెప్పినా కదా, దీనికి పనిచేయదు."

"తెల్సు. అయినా ఎయ్యి."

"తెలిసి ఎందుకు ఏయించుకుంటావు? ఏం మనిషివి నువ్వు?"

ఆమె బల్ల మీద నా స్టెతస్కోపును సర్దుతూ కూర్చుంది. తల ఎత్తకుండానే చెప్పింది. "ఆ సూది పడినాక రోంత సేపు ఉంటాది సూడు. అప్పుడు నన్ను ఎవురూ పిలవరు మే. పెద్దమ్మా అనరు, వదినా అనరు, అత్తా అనరు. యాడా ఏ సద్దూ ఉండదు. ఆ ఇంట్లో కాలు పెట్టినప్పటినుంచి నాకు అట్లా ఎప్పుడూ ల్యా. సూది పడినప్పుడే."

బెంగళూరు పోనన్నది అందుకా! కాల్చేస్తే దడ రాదు, దడ రాకపోతే సూది లేదు. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది, అది ఇంకా కోపం తెప్పించింది. రెండు క్షణాల నిశ్శబ్దం కోసం గుండె ఆపించుకునే మనిషిని ఏం చేయాలి? ఇంట్లో తలుపు గడియ వేసుకుని పడుకోవచ్చు కదా అన్నాను. "గడియ ఏసుకుంటే తలుపు కొడతారు" అంది. మందు అందుకు కాదు, వేయనన్నాను. వేయలేదు కూడా. ఇప్పుడు అడిగినా వేయను.

"సరే పో" అని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "నీకు అయివారి కోపమే వచ్చింది గానీ అయివారి ఓపిక రాలే" అనేసి పోయింది. మా నాన్నకు ఓపిక ఉండేదని ఈమెకు ఎవరు చెప్పారో!

ఆ ఎండాకాలం దాటకుండానే పోయింది. పొద్దున కాఫీ తాగి, వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి అట్లాగే కూర్చుండిపోయిందట. ఇంట్లోవాళ్ళు పిలిచారట, పిలిచారట, పలకలేదట. పులివెందుల నుంచి వచ్చిన ఒక పేషంటు చెప్పాడు. "అట్లనా" అన్నాను. తర్వాతి మనిషిని పంపమన్నాను. ఆ రోజంతా ఫ్యాను తిరగడం లేదని, పెన్ను రాయడం లేదని ఎవరో ఒకరి మీద అరుస్తూనే ఉన్నాను.

ఇదీ సంగతి. ఇప్పుడు చెప్పండి, వేముల జీపులోంచి ఫ్లాస్కు దిగితే నాకు ఒళ్ళు మండుతుందా మండదా?

లోపలికి పోయాను. ఆ మనిషి బల్ల మీద పడుకుని ఉన్నాడు. నా అలవాటు ప్రకారం భార్య మీద విరుచుకుపడ్డాను. "అంత దూరం నుంచి వచ్చే బదులు పులివెందులలో కాగితం తీయించుకోవచ్చు కదమ్మా? దారిలో కాఫీ పోసినారు కదా? ఎన్ని గ్లాసులు?"

ఆమె బెదిరిపోయింది. కొంగులోంచి మడత పెట్టిన ఈసీజీ తీసి నా చేతికి ఇచ్చింది. "పులివెందులలో తీయించినాం మేడం. కిందబోరు అయితే ఆడనే ఫ్యూజు పీకిచ్చుకోండి, ప్రొద్దుటూరు దాకా మొయ్యాకండి అని పెద్దమ్మ పోయే ముందే ఊళ్ళో అందరికీ చెప్పిండాది. వాండ్లు చూసి, ఇది పైది, ప్రాణానికి ఏం భయం లేదన్నారు. సూది పేరు ఎత్తేసరికి మా ఆయన మీ దగ్గరికే పోదాం అన్నాడు."

కాగితం చూశాను. పాత గానుగదడే. పులివెందుల డాక్టరు సరిగ్గానే చెప్పాడు.

"కాఫీ?"

"ఒక చుక్క కూడా ముట్టనియ్యలే మేడం. సూది పడేదాకా మూత తీయగూడదని పెద్దమ్మ చెప్పింది. రాత్రి దడ మొదలైనప్పటినుంచి ఈయప్ప అడుగుతానే ఉండాడు, నేను ఇయ్యలే."

సిరంజీ ఇచ్చి ఊదమన్నాను. పాపం, కళ్ళు బయటికి వచ్చేలా ఊదాడు. పని కాలేదు. సూది వేశాను. మొదటి మోతాదుకే పడింది. గీత తిన్నగా పోయి, ఆగి, ఒక కొట్టు కొట్టి, నడక అందుకుంది. అతను కళ్ళు తెరిచి భార్య కోసం వెతుక్కున్నాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, ఫ్లాస్కు మూత తీసింది. గదంతా అదే వాసన. మొగుడికి పోస్తుందనుకున్నాను. మూత నిండా పోసి నా ముందుకు చాపింది.

"నాకెందుకమ్మా? ఆయనకు ఇవ్వు."

"లేదు మేడం, మొదటిది మీకే ఇయ్యాలని చెప్పిండాది" అంది ఆమె భయం భయంగా. "'అయివారి పాపకు అరిసి అరిసి గొంతు ఎండిపోయింటాది, ముందు ఆయమ్మకు పొయ్యండి' అని."

తీసుకున్నాను. ఒక గుక్క తాగాను. చిక్కటి డికాక్షను, చక్కెర పాకం. ఇంత తీపి మనుషులు తాగుతారా అని తిడదామంటే, తిట్టడానికి మనిషి లేదు.